ముట్టినట్టు పావతి

ధర్మాబాద్ మోండాల, మిరప కుప్పల నడుమ
వైకుంఠం శేటు తువ్వాల పరిస్తే
దాని కింద రెండు చేతులు కలుసుకునేవి.
నాలుగు వేళ్లు పట్టుకుంటే ఒక ధర,
బొటనవేలు వత్తితే దాని మీద సగం.
చుట్టూ నూరు కండ్లున్నా
ఆ లెక్క చర్మం దాటి బయటికి రాలే.
నలభై ఏండ్లు అదే ఆయన దస్త్రం.
పక్కన కూసొని తుమ్ముకుంట నేను రాసుకునేదాన్ని,
పేర్లు తెలుగుల, అంకెలు మరాఠీల.

మొన్న పుణె నుంచి మసాలా కంపెనీ మనిషొచ్చిండు.
అభిజిత్ పాఠక్. మెడల గుర్తింపు బిళ్ల,
మా ఘాటుకు కండ్ల నిండ నీళ్లు.
"ఇగ కాయితం లేదు, ఫోను లేదు,
మా మిషను మీ మిషనుతోటి మాట్లాడతది" అన్నడు.
దార్లు మూడు చెప్పిండు.

మా గోడకు వాళ్ల గోడ ఆనిచ్చి
నడుమ తలుపు కోసుకునుడు ఒకటి:
తాళంచెవి చెరొకటి, రాత్రీ పగలూ మెలకువ.
లేకుంటే వాళ్ల వాకిట్లకే పోయి
వాళ్ల గళ్లల్ల మన సరుకు మన చేత్తోనే నింపి రావుడు.
పైస ఖర్చు లేదు, నా వేళ్లే ఖర్చు.
మూడోది, నడుమ ఒక పెట్టె.
మనం వేసి పోతం, వాళ్లొచ్చి తీసుకుంటరు,
పెట్టె ఆసామికి నెలకింత, అక్షరానికింత.

శేటు పడిపడి నవ్విండు.
"అంటే వాడు అడ్తి!
ముప్పై ఊర్ల కమీషన్ తిన్న నోరు నాది,
ఇప్పుడు నా మాటకే కమీషన్ కట్టాల్నా?"

నాలుగు రోజులు ఎటూ తేలలే.
తలుపు బాగనే ఉన్నది, మధ్యల ఎవడూ లేడు.
కానీ ఎండకాలం మా కరెంటు సంగతి నాకెరుక.
నడిరాత్రి పుణె వచ్చి తలుపు కొడితే,
లోపల మిషను సచ్చి పడుంటే,
ఆ ఆర్డరు ఏ గడప మీద పండుకోవాలె?
పెట్టె అయితే దాస్తది, తెల్లారే దాక.
ఆఖరికి శేటే అన్నడు:
"నిద్రపోయేటోనికి నడిమిటోడు కావాలె. రాసుకో."

మొదటి పరీక్ష పంపినం. రెండు వందల నలభై బస్తాలు.
చిటికెల జవాబు: ముట్టింది.
శేటు చెయ్యి మీసం మీదికి పోయింది.
ఎనుకట చీటీ కింద ఆ మాట రాస్తే
బేరం తెగినట్టే.

అరగంటకు ఇంకోటి వచ్చింది:
రెండు వందల నలభై కిలోలకు లారీ ఎందుకు?

బస్తా అనే మాట వాళ్ల గళ్లల్ల లేదు.
ముట్టిందంటే చదివిండని కాదు,
చదివిండంటే ఒప్పుకున్నడని కాదు.
తువ్వాల కింద ఇవన్నీ ఒక్క వత్తుడే.

పదిహేను రోజులు కూసొని
మాటమాటకు ఒక సంకేతం ఒప్పుకున్నం,
తాలుకాయకు, తొడిమ తీసినదానికి,
తేమ నూటికింత అని.
"మళ్ల చూద్దాం తియ్యి" అనేదానికి
ఎంత వెతికినా ఏదీ దొరకలే.

అడుగున ఒక గడి మిగిలింది: ఇతర వివరాలు,
ఎనభై అక్షరాల జాగ.
"అందుల రాయి" అన్నడు శేటు.
"రాత్రి వానకు కింది వరుస తడిసింది,
రంగు తగ్గితే రైతును అనకుండ్రి."
చెప్పింది చెప్పినట్టు తెలుగుల రాసిన.
పెట్టెల వేసిన.

సాయంత్రం మోగింది, ఇగ ఉండదన్న ఫోనే.
పుణెల ఎవరో చిన్నపిల్ల గొంతు, హిందీల:
"మేడం, మీ సరుకు బరోబర్ వచ్చింది గానీ
కింద అన్నీ ప్రశ్న గుర్తులే పడ్డయి,
ఒక వరుస నిండ.
ఇంతకు ఏం అడుగుతున్నరు?"

నేను శేటు దిక్కు చూసిన.
బయట హన్మాండ్లు బండి ఆగింది.
"తీరికగా జవాబియ్యమను" అని
తువ్వాల దులుపుకుంట లేచిండు.